తలుపుకు సన్మానం

క్లొదొమీరో గారి మీద ఆయన భార్య ఒర్తెన్సియాకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగడు. జూదమాడడు. పరాయి ఆడవాళ్ళ వైపు చూడాలంటే ముందు కళ్ళజోడు వెతుక్కోవాలి కనుక అదీ చూడడు. కానీ ఎవరైనా ఎదురుపడి "మీవంటి వారు" అని మొదలుపెడితే చాలు, మిగతా వాక్యం ఏమిటో వినకుండానే తల ఊపేస్తాడు. అలా తల ఊపీ ఊపీ ఆయన రాంకాగువా పట్టణంలో తపాలా బిళ్ళల సంఘానికి గౌరవాధ్యక్షుడయ్యాడు. ఇంట్లో ఒక్క తపాలా బిళ్ళ లేదు. పక్కింటివారు ఊరికి వెళుతూ "మీవంటి వారి చేతిలో ఉంటే నిశ్చింత" అని అప్పగించిన కుక్క ఆయన పడక్కుర్చీలో ముసలిదై, అందులోనే పోయింది. పక్కింటివారు మాత్రం రెండో వారమే తిరిగొచ్చారు. కుక్కను గుర్తుపట్టలేదన్నారు.

ఇటువంటి మనిషి హెడ్‌మాస్టరుగా రిటైరైతే ఎంత ప్రమాదమో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పొగడడానికి ఇంక పిల్లలు ఉండరు. ఆకలి మాత్రం అలాగే ఉంటుంది.

ఆ ఆకలి సంగతి కనిపెట్టినవాడు డాన్ అమడేయో లర్రోందో. డాన్ అంటే శ్రీమాన్ అన్నమాట. ఒకప్పుడు క్లొదొమీరో గారి తరగతిలో భూగోళశాస్త్రం ఎప్పుడూ గట్టెక్కని విద్యార్థి. దేశపటంలో సముద్రం ఏ వైపు ఉందో చూపించమంటే పక్కవాడి జేబు వైపు చూసేవాడు. మనది పొడుగునా ఒక వైపంతా సముద్రమే ఉన్న దేశం కాబట్టి ఆ తప్పు చెయ్యడానికి కూడా కొంత ప్రతిభ కావాలి. ఆ ప్రతిభతోనే పెరిగి పెద్దవాడై, భూగోళంలో ఒక మంచి ముక్కను కొనుక్కున్నాడు. పుంతా కెల్తెవే కొండకొమ్ము మీద, సర్ఫింగ్ చేసేవాళ్ళు ప్రాణం పెట్టే తీరానికి సరిగ్గా పైన, హోటల్ సిలెన్సియో కట్టాడు. "మీవంటి గురువులు వచ్చి కొన్నాళ్ళు ఉంటే ఈ గోడలకు గౌరవం" అని ఫోను చేశాడు. క్లొదొమీరో గారు తల ఊపాడు. ఫోనులో తల ఊపితే అవతలివాడికి కనిపించదని ఒర్తెన్సియా గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

ఆమె మాత్రం వెంటనే పెట్టె సర్దింది. కొండ కింద రేవులో ఆమె పుట్టింది. చెల్లెలు సునిల్దా ఇప్పటికీ అక్కడే ఉంది. మొగుడు పడవ మీద వెళతాడు. తను సముద్రపు నాచు ఏరి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్ముతుంది. మిగతా సమయంలో సర్ఫింగ్‌కు వచ్చినవాళ్ళకు లోపల కూర పెట్టిన ఎంపనాదాలు వేయించి పెడుతుంది.

సిలెన్సియో అంటే నిశ్శబ్దం. ఆ సరుకును హోటలువారే తయారు చేస్తారు. వాళ్ళు రాకముందు ఆ కొండ మీద గాలీ, కెల్తెవే పిట్టల గోలా, కింది రేవులో పడవ ఇంజన్ల చప్పుడూ, ఆడవాళ్ళ తగాదాలూ ఉండేవి. గాలిని ఆపలేకపోయారు కాబట్టి దానికి దక్షిణ పవన చికిత్స అని పేరు పెట్టి, పొద్దున్నే అతిథులను దుప్పట్లలో చుట్టి బయట కూర్చోబెడుతున్నారు. ముక్కు కారినవాళ్ళను చికిత్స పనిచేస్తోందని అభినందిస్తున్నారు. పిట్టల విషయం పరిశీలనలో ఉంది. రేవు ఆడవాళ్ళకు మాత్రం మర్యాదగా ఒక విజ్ఞప్తి పంపారు. పైనుంచి చూసే కళ్ళకు హాయిగా ఉండేలా దండేల మీద తెలుపు, లేత నీలం బట్టలే ఆరేయవలసిందనీ, గులాబీరంగు లోపలి బట్టలు దృశ్యసమతుల్యాన్ని చెడగొడుతున్నాయనీ దాని సారాంశం. రేవులో ఆ వారం ఉతకనివాళ్ళు కూడా గులాబీరంగువి తీసి ఆరేశారు.

గదిలో స్నానాలగదికి సముద్రం వైపు గోడ లేదు, అద్దం ఉంది. అలల మీద ఉన్నవాళ్ళకు లోపలి మనిషి కనిపిస్తాడా అని ఒర్తెన్సియా అడిగితే, కనిపిస్తారు గానీ వాళ్ళు సభ్యత గల క్రీడాకారులని రిసెప్షన్ అమ్మాయి హామీ ఇచ్చింది. ఒర్తెన్సియా దేశానికి ఎదురుగా, సముద్రానికి వీపు చూపించి స్నానం కానిచ్చింది. భోజనంలో నల్లరాతి పలక మీద పట్టకారుతో తినాల్సిన ఒక ముక్క వచ్చింది. పేరు సాగర చర్మం. నోట్లో పెట్టుకుంటే కొచాయూయో. నాన్న వల ఖాళీగా వచ్చిన రోజుల్లో అమ్మ బంగాళదుంపలతో కలిపి ఉడికించి, ఏడవకుండా తినమని బెదిరించి పెట్టిన అదే నాచు. క్లొదొమీరో గారు కళ్ళు మూసుకుని "ఇందులో ఒక జ్ఞాపకం ఉంది" అన్నాడు. "ఉంది, అది నాది" అంది ఒర్తెన్సియా.

ఇంత గొప్ప హోటలుకు ఒక చిన్న మచ్చ ఉండేది. దాని తోట మధ్యనుంచి ఒక బాట పోయేది.

భూకంపం వెనకే పెద్ద అల వచ్చిన ఏడాది రేవులో సగం ఇళ్ళు లేకుండా పోయాయి. సునిల్దా అత్తగారు మంచం మీదనుంచి లేవలేని మనిషి. ఆ మంచం తర్వాత దొరికింది. ఆమె దొరకలేదు. రోడ్డు మీదుగా పైకి రావాలంటే కొండను చుట్టి, వాగు దాటి రావాలి. అల అంతసేపు ఆగదు. అందుకని మిగిలినవాళ్ళు గునపాలు పట్టి కొండ ఒంటికి తిన్నగా మెట్లు చెక్కుకున్నారు. అప్పుడు ఆ కొండ మేకలది. తర్వాత డాన్ అమడేయో వచ్చాడు. మెట్లు సరిగ్గా ఆయన తోటలోకి తేలుతున్నాయనీ, చేపలబుట్టలతో, గ్యాస్ సిలిండర్లతో జనం అతిథుల ధ్యానం మధ్యనుంచి నడుస్తున్నారనీ గమనించాడు. మెట్ల చివర ఎత్తైన దేవదారు తలుపు పెట్టించాడు. చాలా అందమైన తలుపు, శిల్పి పేరు కూడా దాని మీద ఉంది. కిందినుంచి వచ్చేవారు ముంజేతికి హోటలు పట్టీ ఉంటేనే లోపలికి రావాలి. అల నుంచి పారిపోయే దారి అని చూపించే నీలం బోర్డు, మనిషి బొమ్మ వాలు మీద పరుగెడుతూ ఉంటుందే, దాన్ని పీకించి పారేయలేదు. ఆయన సంస్కారవంతుడు. ఫ్రేము కట్టించి బార్‌లో దీపం కింద తగిలించాడు. అతిథులు దాని కింద గ్లాసులు ఎత్తి ఫోటోలు దిగుతారు.

తలుపుకు కాపలావాడుగా రేవు మనిషి సెగుందోనే పెట్టాడు. మనవాళ్ళను ఆపడానికి మనవాడికంటే యోగ్యుడు ఎక్కడ దొరుకుతాడు? అంతకుముందున్న కాపలావాడు గ్యాస్ బండతో వచ్చిన ఒక గర్భిణిని జాలిపడి వదిలాడట. అతను ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేడు.

రెండో రోజు ఒర్తెన్సియా తలుపు దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు అవతల మెట్టు మీద, తను ఇవతల గడ్డి మీద. మధ్య సెగుందో నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"పైనుంచి ఎలా కనిపిస్తున్నామక్కా? అందంగా ఉన్నామా?" అంది సునిల్దా.

"దుర్భిణీలో చూస్తే నీ గులాబీ లంగాకు చిరుగుంది. నిన్న టిఫిన్ల దగ్గర అదే చర్చ."

"కుట్టుకోమంటావా, ఇంకాస్త చింపమంటావా?"

"ఉంచు. కొందరికి అదే నచ్చింది."

సునిల్దా నవ్వింది, వెంటనే ఆపింది. "అక్కా, మునిసిపాలిటీలో ఈ బాట గురించి విచారణ పెడతారట. మేం అర్జీ ఇచ్చాం. బావ మాట్లాడతాడని ఊరంతా అంటోంది. ఎవరి తరఫున?"

"మీ బావ ఎప్పుడైనా ఎవరి తరఫునైనా మాట్లాడాడా? తన తరఫున మాట్లాడతాడు. దారిలో ఎవరైనా తగిలితే వాళ్ళకు మేలు."

"నవ్వులాట కాదు. నా మనవరాలికి ఇంకా నడక రాలేదు. పైనింటి ముసలాయనకు కర్ర లేనిదే లేవడం కుదరదు. కుదుపు వస్తే వీళ్ళను ఎత్తుకుని వాగు చుట్టూ తిరగాలా నేను? నీ మొగుణ్ణి పూలదండ వేసి పిలిచింది ఇందుకేనే. రేవు అల్లుడు కూడా తలుపు మంచిదన్నాడు అనిపించుకోవడానికి."

ఒర్తెన్సియా ఆ రాత్రి మొగుణ్ణి నిలదీసింది. తలుపు గురించి తనకు ఇంకా అభిప్రాయం ఏర్పడలేదనీ, అయితే అమడేయో తనను ఈ తీరానికి నైతిక దీపస్తంభం అన్నాడనీ ఆయన చెప్పాడు. దీపస్తంభం వెలుగు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుందని ఆమె అంది. ఆయన దాన్ని ప్రశంసగా తీసుకున్నాడు.

ఈలోగా ప్రభుత్వం వారి అల విన్యాసం వచ్చింది. అంటే అల వచ్చినట్టు సైరన్ మోగిస్తారు, అందరూ ఎత్తుకు పరుగెత్తాలి. హోటలువారు అందులో పాల్గొన్న తీరు చూసి తీరాలి. అతిథులు భోజనశాలలోంచి వరండాలోకి గ్లాసులు వదలకుండా నడిచారు. అక్కడ వాళ్ళకు తేనె కలిపిన పిస్కో సారా ఇచ్చారు. కింది రేవు జనం పిల్లలనెత్తుకుని మెట్లెక్కి తలుపు దాకా వచ్చారు. పట్టీలు లేవు కనుక అక్కడే ఆగారు. విన్యాసం ముగిసిందని మళ్ళీ సైరన్ మోగేదాకా నిలబడి, దిగి వెళ్ళిపోయారు. వచ్చిన అధికారి ఎంతో సంతోషించాడు. ఎత్తైన ప్రాంతంలో ఉన్నవారంతా ఎత్తైన ప్రాంతానికి చేరుకున్నారనీ, కింది ప్రజలు తలుపు వద్ద ఆదర్శప్రాయమైన ఓర్పు కనబరచారనీ ప్రశంసాపత్రం ఇచ్చాడు. అది కూడా బార్‌లోకే వెళ్ళింది.

వారాంతంలో డాన్ అమడేయో తన గురువుగారికి సర్ఫింగ్ పాఠం ఏర్పాటు చేశాడు. "మీవంటి వారికి సముద్రం ఎదురు చూస్తోంది" అన్నాడట. క్లొదొమీరో గారిని నల్ల రబ్బరు సూటులోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు, కొంత సబ్బు కావలసి వచ్చాయి. వీపున జిప్పు లాగడానికి ఒక పొడుగు తాడు ఉంటుంది. అది తోకలా వేలాడుతుండగా, గుండె డాక్టరొకాయన, భూముల బేరగాడొకాయన, ఇంకా అటువంటి విశిష్టులతో కలిసి ఆయన కిందికి దిగాడు. ముంజేతి పట్టీలు ముతక పట్టువి. తడిస్తే రంగు పోతుందని హోటలువారే వాటిని గదుల్లో విప్పి ఉంచమన్నారు.

హవాయి పేరు పెట్టుకున్న, సముద్రం లేని తాల్కా ఊరి వాసి ఒకాయన వాళ్ళను ఇసకలో సర్ఫింగ్ పలకల మీద బోర్లా పడుకోబెట్టి, చేతులతో గాలిని ఈదిస్తున్నాడు. అప్పుడు నేల కదిలింది. క్లొదొమీరో గారు "ఆ, ఇప్పుడు పట్టు చిక్కింది" అన్నాడట.

మన దేశంలో కుదుపు వచ్చినప్పుడు పెద్దమనుషులు పాటించే మర్యాద ఒకటుంది. కంగారు పడడం విదేశీయుల లక్షణం. మనం గ్లాసు పట్టుకుని, దీపం ఊగుడు చూసి, భూకంపం తీవ్రత ఎంతో నంబరు చెబుతాం. అయిదు లోపైతే మాట ఆపం. ఆరు లోపైతే కుర్చీ దిగం. ఎవరి నంబరు రేడియోలో చెప్పినదానికి దగ్గరగా వస్తే వాళ్ళకు ఆ ఏడంతా ఆ ఇంట్లో గౌరవం. ఇసకలో దీపం లేదు. దాంతో లెక్క మీద భేదాభిప్రాయాలు వచ్చాయి.

"అయిదూ ఎనిమిది. అడ్డంగా వచ్చింది, అంచేత ఎక్కువనిపిస్తుంది" అన్నాడు క్లొదొమీరో గారు, లేవబోయి మోకాళ్ళ మీద కూలబడుతూ.

"ఆరూ రెండు. నా కాళ్ళ కింద నీళ్ళు పైకి ఉబికాయి మాస్టారూ, చూడండి" అన్నాడు డాక్టరు.

"ఉబకడం వేరు, తీవ్రత వేరు. పాఠ్యపుస్తకంలోనే ఉంది."

ఈ చర్చ జరుగుతుండగా సముద్రం తన సామాను సర్దుకున్నట్టు వెనక్కి జరిగింది. ఎప్పుడూ కనిపించని రాళ్ళు నల్లగా బయటపడ్డాయి. భూముల బేరగాడు ఆ కొత్త నేలను ఆసక్తిగా చూశాడు. రేవు జనానికి నంబర్లు రావు. వాళ్ళకు తెలిసిన కొలత ఒక్కటే, నిలబడలేకపోతే పరుగెత్తాలి. వాళ్ళు అప్పటికే మెట్ల మీద ఉన్నారు. వెనకగా మనవరాల్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చిన సునిల్దా, బావగారి వీపున వేలాడే తాడు పట్టుకుని లాగింది.

"నడు బావా."

"ఏడు అయ్యే అవకాశం కూడా లేకపోలేదు సునిల్దా, నిదానించి..."

"నంబరు పైకెళ్ళి చెప్దువుగాని. ముందు కాళ్ళాడించు."

అలా ఒక చంకన పసిపిల్లతో, రెండో చేత హెడ్‌మాస్టరుతో ఆవిడ మెట్లెక్కింది. పెద్దమనుషులు పలకలు పట్టుకునే వెనకాల పరుగెత్తారు. పలకలు హోటలువి కనుక వదిలేయడం బాగుండదనిపించింది.

ఒర్తెన్సియా వరండాలో టీ తాగుతోంది. కప్పు బల్ల అంచు దాకా జారింది. ఆమె లేచి అంచు దగ్గరికి వెళ్ళి, వెనక్కి పోతున్న సముద్రాన్నీ, మెట్ల మీద గులాబీరంగు లంగానూ, దాని వెనక ఈడ్చుకొస్తున్న నల్లని ఆకారాన్నీ చూసింది. అది తన మొగుడని గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాదిస్తూ ఎక్కుతోంది.

ఆమె తలుపు దగ్గరికి చేరేసరికి అవతల ఊరంతా ఉంది. సెగుందో మేనేజరుకు ఫోను చేస్తున్నాడు. దేశమంతా ఒకేసారి అమ్మకు ఫోను చేస్తోంది కాబట్టి లైను కలవడం లేదు. అతని పెళ్ళాం తలుపుకు ఆ వైపే ఉంది, కొడుకును భుజాన వేసుకుని. అతను ఆమె వైపు చూడడం లేదు.

"తియ్యి సెగుందో" అంది ఒర్తెన్సియా.

"పట్టీ లేనిదే లోపలికి వదలకూడదమ్మగారూ. మేనేజరు మాట కావాలి. నా సంగతి తెలుసు కదా మీకు."

"మేం అతిథులమయ్యా" అని డాక్టరు అవతలనుంచి అరిచాడు. "నేను ఎవరనుకుంటున్నావు?" అన్నాడు క్లొదొమీరో గారు.

"తెలుసు మాస్టారూ. పట్టీ లేదు" అన్నాడు సెగుందో. కింద ఎక్కడో బండరాళ్ళు దొర్లుతున్నట్టు ఒక చప్పుడు మొదలైంది.

ముప్పై ఏళ్ళు ఒక హెడ్‌మాస్టరుతో కాపురం చేసిన ఆడదానికి నిబంధనలతో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. వాటితో పోట్లాడకూడదు, వాటికి పని చెప్పాలి. ఒర్తెన్సియా తన ముంజేతి పట్టీ అతని కళ్ళముందు పెట్టింది.

"నేను బీచికి వెళ్ళాలి."

"ఇప్పుడా అమ్మగారూ?"

"అతిథి బయటికి వెళ్ళాలంటే ఆపమని ఉందా నీ రూల్సులో?"

సెగుందో ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మొదటిసారి తలుపు అవతల పెళ్ళాం ముఖంలోకి చూశాడు. "అతిథిని ఆపే అధికారం నాకు లేదమ్మగారూ" అని తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, టోపీ తీసి వంగి దారి ఇచ్చాడు. అతిథి పక్కకు తప్పుకుంది. ఊరు లోపలికి వచ్చింది.

అల మూడుసార్లు వచ్చింది. ఎంపనాదాల కొట్లు, సగం పడవలు, సర్ఫింగ్ బడి, దండేలు, కింది మెట్లు పట్టుకుపోయింది. మనుషులెవరూ పోలేదు. అందువల్ల పత్రికలకు ఇందులో పెద్దగా విషయం కనిపించలేదు.

హోటల్ సిలెన్సియో ఆ రోజు చూపిన ఆతిథ్యం మరువరానిది. రేవు జనాన్ని తివాచీల మీద కాకుండా కార్లు నిలిపే చోట సగౌరవంగా కూర్చోబెట్టారు. క్లొదొమీరో గారు మరదలి చేతులు రెండూ పట్టుకుని, రబ్బరు సూటులోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. "అమ్మా సునిల్దా, నువ్వు లేకపోతే నేను లేను. ఈ తలుపు సంగతి నాకు వదిలెయ్. విచారణలో నేను మాట్లాడతాను. ఇది నా మాట." డాక్టరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఒర్తెన్సియా ముప్పై ఏళ్ళలో ఆయన ఏడవగా చూడలేదు. ఆమె మనసు ఎంత కరిగిందో చెప్పాలంటే, ఆ రాత్రి ఆయన కోసం స్వయంగా వంటగదిలోకి వెళ్ళి, వంటవాణ్ణి పక్కకు నెట్టి, మామూలు బ్రెడ్డు మీద అవకాడో నలిపి రాసి తెచ్చి పెట్టింది.

రేవు వాళ్ళకు ఏడుపుల మీద అంత గురి లేదు. మరుసటి వారం చివర అక్కడ సర్ఫింగ్ పోటీలు. విదేశాలనుంచి మనుషులు, కెమెరాలు, మంత్రి. పాత టైర్లు పోగుచేసి, రోడ్డుకు అడ్డంగా వేసి తగలబెడితే, మంత్రి కారు ఆగితే, తలుపు అదే ఊడుతుందని వాళ్ళ ఆలోచన. మన దేశంలో అర్జీ చదివించుకోవడానికి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఒర్తెన్సియా కిందికి దిగి, బురదలో కుర్చీ వేసుకుని కూర్చుని, వద్దని నచ్చజెప్పింది.

"ఆయన మాట ఇచ్చాడే. నలుగురి ఎదుటా ఏడ్చాడు."

"ఉల్లిపాయ కోసినా ఏడుస్తారక్కా."

"మీ బావ గొప్పలకు పోతాడు గానీ దుర్మార్గుడు కాడు. కింద నిలబడి, మూసిన తలుపును చూసినవాడు సునిల్దా. అది చూశాక ఎవరైనా మారతారు. టైర్లు తగలబెడితే మిమ్మల్ని రౌడీలంటారు. ఆయన చెబితే పెద్దలు వింటారు. నా మాట విను."

"నువ్వు చదువుకున్నదానివి" అంది సునిల్దా చివరికి. టైర్లు ఇసకలో పూడ్చేశారు. పోటీలు దివ్యంగా జరిగాయి. మంత్రి వచ్చాడు, అల బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు. కెమెరాలూ వెళ్ళిపోయాయి. ఆ తర్వాత తీరిగ్గా విచారణ పెట్టారు.

మునిసిపాలిటీ హాల్లో ముందు వరసల్లో హోటలువారు, వెనక బల్లల మీద రేవువారు. క్లొదొమీరో గారు పెళ్ళికి కుట్టించిన కోటు వేసుకున్నాడు. అధ్యక్షుడు "మీవంటి వారి అభిప్రాయం ఈ సభకు శిరోధార్యం" అన్నాడు. క్లొదొమీరో గారు తల ఊపడం ఒర్తెన్సియా చూసింది.

"సోదరీసోదరులారా," అన్నాడాయన, "నేను కిందినుంచి వచ్చినవాణ్ణి. అలను వీపున మోసుకుని మెట్లెక్కినవాణ్ణి. కనుక అనుభవంతో మాట్లాడుతున్నాను. ఆ రోజు మనల్ని రక్షించింది ఏమిటి? నిష్పక్షపాతంగా ఆలోచించండి. తెరుచుకున్న తలుపు. తలుపంటూ ఉంటేనే కదా తెరుచుకునేది? తలుపే లేకపోతే ఆ క్లిష్ట సమయంలో మన కోసం ఏది తెరుచుకునేది? శూన్యం తెరుచుకుంటుందా? ఇక రెండో విషయం. తలుపు తెరిచాక లోపలికి వచ్చిన తీరు, చెప్పడానికి బాధగా ఉంది, మన సంస్కృతికి తగినట్టు లేదు. నా మోచేతికి ఇప్పటికీ నొప్పి ఉంది. కనుక తలుపును తీసెయ్యాలనడం కృతఘ్నత. దాన్ని ఇంకా దృఢపరచాలి. అతిథులకు నీళ్ళలో తడవని పట్టీలు ఇవ్వాలి. రేవు సోదరులు కూడా దరఖాస్తు చేసుకుంటే, యోగ్యతను బట్టి, ఆపత్కాల పట్టీలు మంజూరు చేసే ఉదారత డాన్ అమడేయోకు ఉందని నా నమ్మకం."

ఉందని డాన్ అమడేయో గుండె మీద చెయ్యి వేసుకుని సూచించాడు. హాలంతా చప్పట్లు. తలుపును అలా పొగుడుతుంటే మీరైతే చప్పట్లు కొట్టేవారు కాదని తెలుసు. మీ వీధి చివర గేటుకు తాళం వేసినప్పుడు మీరు ఏ వైపు ఉన్నారో అడగడం ఇక్కడ అప్రస్తుతం.

సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రాణదాత అయిన తలుపుకు ఇత్తడి ఫలకం బిగించి సన్మానించాలి. అనుమతి లేకుండా దాన్ని తెరిచిన సెగుందోను విధుల నుంచి తొలగించిన హోటలు నిర్ణయంలో సభ జోక్యం చేసుకోదు. గుండె డాక్టరు బలపరిచాడు. క్లొదొమీరో గారు కూర్చుంటూ భార్య వైపు తిరిగి, "ఎలా ఉంది?" అన్నాడు, మెల్లగా.

అభ్యంతరాలు ఎవరికైనా ఉన్నాయా అని అధ్యక్షుడు ఆనవాయితీగా అడిగాడు. వెనక బల్లల మీద సెగుందో టోపీ లేని తల దించుకున్నాడు. సునిల్దా మనవరాల్ని ఒళ్ళో సర్దుకుని అక్క వైపు చూసింది, అంతే.

ఒర్తెన్సియా లేచి నిలబడింది. నాలుగు మంచి మాటలు చెబుతుందనుకుని క్లొదొమీరో గారు కోటు సవరించుకున్నాడు. ఆమె ముందు వరసల వైపు తిరగలేదు. వెనక్కి తిరిగి, హాలంతటికీ వినబడేలా చెప్పింది.

"సునిల్దా, తప్పు నాది. కింద నిలబడి మూసిన తలుపు చూసినవాడు మారతాడన్నాను. వీళ్ళు ఆ రోజు చూసింది తలుపును కాదే, తమ చేతికి పట్టీ లేకపోవడాన్ని. మీ చేత టైర్లు పూడ్పించింది నేను. నేనే తప్పు చెప్పాను."